గీసినవారు

కుక్కర్ కూతకూ కూతకూ మధ్య ఒక పడకగది గీయవచ్చునని ఇందుజకు అనుభవం నేర్పింది. మెట్లయితే అంత తొందరగా తెమలవు. పప్పు ఉడికి, పోపు వేగి, అత్తగారి కాఫీ ముందుగదికి చేరాక గానీ మెట్ల లెక్కకు మనసు కుదరదు. వంటగదికీ ముందుగదికీ నడుమ, మేడమెట్ల కింద, తల వంచి కూర్చోవలసినంత చోటులో ఆమె కంప్యూటర్ ఉంది. చేతి పసుపు అంటీ అంటీ మౌసు ఏనాడో తన రంగు మరిచిపోయింది. తాడేపల్లిగూడెంలోనూ పెంటపాడులోనూ ఈమధ్య లేచిన ఇళ్లలో కొన్ని వీధులకు వీధులే ఆ మెట్ల కింద పుట్టాయి. వాటిలో ఒక్కదాని గడపా ఆమె తొక్కలేదు.

"చూడ్డానికేముంది ఇందూ, నువ్వు గీసిందే కదా," అనేవాడు ఫణికిరణ్. సైటు దగ్గర కంకర, దుమ్ము, కూలీల కేకలు, ఆడవాళ్లు నిలబడ్డానికి నీడ కూడా ఉండదని చెప్పేవాడు. అది ఆమె మీది శ్రద్ధతో అన్నట్టే ఉండేది. అతని మాటలన్నీ అలాగే ఉంటాయి. అతను గొంతు పెంచే మనిషి కాడు. అందుకే అతనితో వాదించబోతే నున్నటి గోడ ఎక్కబోయినట్టుండేది, కాలు పెట్టుకోవడానికి ఒక్క గంటు కూడా దొరకదు.

ఫణికిరణ్ లైసెన్సు ఉన్నవాడు. ఎవరి ఇంటిని వారు ఎంత శ్రద్ధగా గీసుకున్నా, లైసెన్సుదారు సంతకం పడేవరకూ అది బొమ్మే గానీ ప్లాన్ కాదు. ఆ సంతకం కోసమే ముందుగది బయట అతని పేరుతో బోర్డు వేలాడుతుంది, బోర్డు కింద చెప్పుల జతలు పోగవుతాయి. వచ్చినవారితో అతను మాట్లాడతాడు, స్థలం కొలిచి వస్తాడు, కొలతల చీటీ మెట్ల కింద పెడతాడు. మిగిలినదంతా ఇందుజ పని. అన్నీ అయ్యాక ప్లాన్ అడుగున కుడిమూల ఒక గడి మిగులుతుంది. డ్రాన్ బై, అంటే గీసినవారు. అందులో ఫణికిరణ్ పేరు రాసేదీ ఆమే. ఇప్పుడు సంతకం కూడా కంప్యూటర్‌లోనే గనుక, పెన్‌డ్రైవ్ లాంటి ఆ పరికరాన్ని గుచ్చి, రహస్య సంఖ్య కొట్టి, భర్త భోంచేస్తుండగానే భర్త సంతకాన్ని అనుమతులిచ్చే ఆఫీసుకు పంపేదీ ఆమే. తన పేరును ఇంత నిష్ఠగా తుడిచేసుకున్న మనిషి ఇంకొకరు ఉంటారా అని ఒక్కోసారి అనిపించేది. తుడవాలంటే ముందు అక్కడ ఏదో ఉండాలి కదా అని ఆ వెంటనే అనిపించేది.

గీయడం ఆమెకు కష్టం కాదు. రెండుసార్లు గీయడమే కష్టం. ప్రతి ఇంటికీ రెండు ప్లాన్లుంటాయి. ఒకటి ఆఫీసుకు. అందులో ఇంటి నాలుగు పక్కలా నియమం కోరినంత ఖాళీ ఉంటుంది, గాలి ఆడుతుంది, మామిడి మొక్కకు కూడా చోటుంటుంది. రెండోది మేస్త్రికి. దాన్ని వర్కింగ్ ప్లాన్ అంటారు. అందులో ఆ ఖాళీ గదుల్లోకి వచ్చేస్తుంది, గోడ వెళ్లి హద్దు మీద కూర్చుంటుంది. మొదటిదాన్ని ఎవరూ కట్టరు, రెండోదాన్ని ఎవరూ చూపించరు. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు. పెళ్లిచూపుల్లో అమ్మాయి చేత పాడించిన పాట లాంటిది అది, ఆ తర్వాత మళ్లీ ఎవరూ అడగరు.

ఇందుజ పెళ్లిచూపుల్లో పాట లేదు. ఆమెది సివిల్ డిప్లొమా అని తెలిసి ఫణికిరణే ఉత్సాహపడ్డాడు. ఇద్దరం కలిసి ఆఫీసు పెడదామండీ, ఒక టేబుల్ మీది, ఒక టేబుల్ నాది అన్నాడు. అప్పుడు మీరు అని పిలిచేవాడు. అతను అబద్ధమాడాడని ఆమె ఇప్పటికీ అనుకోదు. చూపించే ప్లాన్ గీసేటప్పుడు ఎవరూ అబద్ధమాడుతున్నామనుకోరు. అందులోని మామిడి మొక్క ఆ కాసేపూ నిజంగానే ఉంటుంది. ఆ తర్వాత మామగారికి పక్షవాతం వచ్చింది, కూతురు పుట్టింది, మామగారు పోయారు, కూతురు చదువుకని విజయవాడ హాస్టల్‌కు వెళ్లింది. టేబుల్ మాత్రం మెట్ల కిందకు వచ్చి ఆగింది.

ఆమెకు కావలసినది ఒక్క కాయితం. డిప్లొమా ఉన్నవారు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలంటే, లైసెన్సు ఉన్నవారి దగ్గర కొన్నేళ్లు పనిచేసినట్టు అనుభవపత్రం జతచేయాలి. ఆ పత్రం ఇవ్వగలిగిన మనిషి రోజూ ఆమె వడ్డించిన అన్నం తింటున్నాడు. ఒకరోజు వడ్డిస్తూనే అడిగింది.

"ఇంట్లో చేసినదానికి సర్టిఫికెట్ ఏంటి ఇందూ?" అని నవ్వాడు ఫణికిరణ్, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "రేపు వంట చేస్తున్నానని కూడా రాసిమ్మంటావు."

అత్తగారు వెంకటనరసమ్మ కూడా నవ్వింది. ఆవిడ చెడ్డది కాదు. ఒక గుమ్మానికి రెండు బోర్డులుంటే వచ్చినవాడు ఎవర్ని పిలవాలో తెలియక తిరిగిపోతాడని ఆవిడ నిజంగానే నమ్ముతుంది. కడుపు నిండినవాళ్లం, పేరెందుకమ్మా అంటుంది. ఆవిడకు తన పేరుతో పిలిపించుకున్న జ్ఞాపకం ఉందో లేదో ఇందుజకు తెలియదు. ఊళ్లో అందరికీ ఆవిడ ఫణి వాళ్లమ్మ.

పేరు కోసమే అయితే ఇందుజ తనను తాను ఎప్పుడో సముదాయించుకునేది. లైసెన్సు అనే నియమం మీద ఆమెకు కోపం లేదు. ఇల్లు కూలితే అడగడానికి ఒక మనిషి ఉండాలి, సంతకం అంటే ఆ మనిషి. మధ్యాహ్నాలు అంట్లు తోముతూ ఆ మాట గురించే ఆలోచించేది. తను గీసిన గోడలో పగులు వస్తే ఎవరూ తన దగ్గరకు రారు. తను గీసిన కిటికీలోంచి గాలి వచ్చినా రారు. తప్పు చేయగలిగిన మనిషిగా కూడా తనను ఎవరూ గుర్తించలేదు. పసిపిల్లలకూ, వంటింట్లో పిల్లికీ ఉన్న స్వేచ్ఛ అది. అలాంటి స్వేచ్ఛ ఆమెకు వద్దు. తను గీసినదానికి తనను అడగాలి. తను జవాబు చెప్పాలి. ఆమె కోరుకున్నది అంతే.

ఎలిజబెత్ టీచరు వచ్చినది పదో తరగతి పరీక్షలకు కొంచెం ముందు. భీమడోలు హైస్కూలులో లెక్కలు చెబుతుంది. పెళ్లి చేసుకోలేదు. తల్లి రత్నమాణిక్యంతో అద్దె ఇంట్లో ఉంటూ, అక్కడే ఒక చిన్న స్థలం కొనుక్కుంది. సంచిలోంచి గ్రాఫ్ కాయితం తీసి ఫణికిరణ్ ముందు పరిచింది.

"ఇది నేనే గీశానండీ. కొలతలు చూసుకోండి, మా అమ్మ చీరతో కొలిచాను. ఇలాగే ఆఫీసులో ఇచ్చెయ్యచ్చా?"

ఫణికిరణ్ మర్యాదగా ఆ కాయితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. "ఇల్లు మీదేనండీ టీచరుగారూ. గీత మాత్రం మాది కావాలి. మందు పేరు మీకు తెలిసినా చీటీ డాక్టరే రాయాలి కదండీ, అలాగన్నమాట." తర్వాత రెండు ప్లాన్ల సంగతి వివరించాడు, అందరికీ వివరించినట్టే.

"రెండోది ఎందుకండీ?"

"కట్టుకోడానికండీ."

"మరి మొదటిది?"

"చూపించడానికి."

కాఫీ ఇవ్వడానికి వచ్చిన ఇందుజ తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నాకు ఒకటి చాలండీ," అంది ఎలిజబెత్. "చూపించిందే కట్టుకుంటాను."

అలా ఎవరూ కట్టరని ఫణికిరణ్ నవ్వాడు. నవ్వకండి, దీనికో కారణం ఉంది అని ఆవిడ చెప్పుకొచ్చింది. వాళ్లది కొల్లేటి లంక. అన్నగారి ఇల్లు సరస్సు హద్దు లోపల పడింది. పక్కా ఇల్లే, గోడలు గట్టివే, కానీ దానికి కాయితం లేదు, రాదు. ఎప్పుడు ఎవరొచ్చి గీత ఎక్కడ గీస్తారోనని ప్రతి వానాకాలం ఆ ఇంట్లో నిద్ర ఉండదు. అందుకే తన ఇంటికి కాయితం ఒకటీ గోడ ఒకటీ కాకూడదు. ఇంకొకటి అమ్మ కోసం. రత్నమాణిక్యం చిన్నప్పటినుంచీ లంక చుట్టూ గట్టు మీద తిరిగిన మనిషి. ఇప్పుడు చూపు దాదాపు పోయింది. అద్దె ఇంట్లో గోడ మీద చెయ్యి వేసుకుని నడుస్తుంది, నాలుగడుగులకే పక్కింటి గోడ అడ్డమొస్తుంది, తిరిగి వస్తుంది. ఇంటికి నాలుగు పక్కలా ఖాళీ ఉంటే ఎవరి సాయమూ లేకుండా చుట్టూ తిరగగలదు. గవర్నమెంటు వదలమన్న ఖాళీ చాలండీ మా అమ్మకి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు అంది ఎలిజబెత్.

ఫణికిరణ్ ఒప్పుకున్నాడు. ఒక ప్లాన్ గీస్తే పని సగమే కదా. "ఇందూ, ఇది కాస్త ఎక్కించు," అని గ్రాఫ్ కాయితం అందించాడు.

"ఆవిడేనాండీ గీసేది?" అంది ఎలిజబెత్.

"కాస్త సాయం చేస్తుందండీ," అన్నాడు ఫణికిరణ్.

ఆ ప్లాన్ మీద ఇందుజ పనిచేసిన మధ్యాహ్నాలు ఆమెకు విడిగా గుర్తున్నాయి. గీతకు మందం ఉండదు, గోడకు ఉంటుంది. ఆ మందం ఎవరో ఒకరి చోటులోంచి రావలసిందే. చదువుకునే రోజుల్లో అది ఆమెకు లెక్క. తర్వాత అది జీవితమై కూర్చుంది. టీచరు ఇంట్లో మొదటిసారి గోడ మందాన్ని గదుల్లోంచే తీసింది, చుట్టూ తిరిగే దారిలోంచి తీయలేదు. టీచరు గీసిన గ్రాఫులో కిటికీ తలుపులు బయటికి తెరుచుకుంటున్నాయి. అవి ముసలామె నుదుటికి తగులుతాయి. వాటిని పక్కకు జరిగేవిగా మార్చింది. పెరటి మెట్టు దారికి అడ్డం రాకుండా లోపలికి లాగింది. వాననీటి గొట్టాన్ని గోడలోకి కలిపేసింది. కళ్లు మూసుకుని, కుడిచేయి గోడ మీద ఉన్నట్టు ఊహించుకుని, తెర మీది ఇంటి చుట్టూ ఒకసారి నడిచింది. ఎక్కడా తట్టుకోలేదు. ఎలిజబెత్ రెండుమూడుసార్లు ఫోన్ చేసి నేరుగా ఆమెతోనే మాట్లాడింది. కిటికీల సంగతి విని, అది నాకు తట్టలేదమ్మా అంది. అలాంటి మాటకు బదులు చెప్పే అలవాటు ఇందుజకు లేదు.

ఆ ఉత్సాహంలోనే సర్టిఫికెట్ గురించి మళ్లీ అడిగింది. ఫణికిరణ్ ఈసారి నవ్వలేదు. "సరే, ఈ టీచరుగారి ఇంటికి స్లాబు పడనీ. రాసిచ్చేస్తాను. సరేనా?" అన్నాడు. గడిలో ఎప్పటిలాగే అతని పేరు రాసి, అతని సంతకం పెట్టి, ప్లాన్ పంపింది. ఆఫీసు నుంచి ఆమోదం వచ్చింది. స్లాబు పడే రోజు కోసం ఆ ఇంటి మనిషి కంటే ఎక్కువగా ఇందుజ ఎదురుచూసింది.

భీమడోలులో పని వెంకట్రాజు మేస్త్రిది. చేయి తిరిగినవాడు, నెమ్మదస్తుడు. ఆమోదం పొందిన ప్లాన్ అతని చేతికి వెళ్లింది. ఎండలు ముదిరాక తల్లి కళ్లకు మందులు వాడించడానికి ఎలిజబెత్ సెలవుల్లో ఏలూరు వెళ్లి, చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. మధ్యలో ఒకసారి వచ్చి చూసింది గానీ, అప్పటికి గోతులూ ఇనుప ఊచలూ తప్ప ఏమీ లేవు. పునాది గోతులు చూసి గోడ ఎక్కడ లేస్తుందో చెప్పడం లెక్కల టీచరుకైనా చేతకాదు. బడులు తెరిచే వేళకు తిరిగి వచ్చేసరికి గోడలు కిటికీల పైదాకా లేచాయి. ఆ సాయంత్రమే ఫణికిరణ్‌కు ఫోన్ వచ్చింది.

మర్నాడు పొద్దున అతను చొక్కా తొడుక్కుంటూ, "టీచరుగారు గొడవ పెడుతున్నారు. గీసినవారిని కూడా తీసుకురమ్మంటున్నారు. నువ్వూ రా," అన్నాడు.

ఇందుజ ఇస్త్రీ చీర కట్టుకుంది. ఏదో తప్పు జరిగిందని తెలుసు. అయినా కారు హైవే ఎక్కాక, సిగ్గుపడుతూనే ఆమె కిటికీలోంచి ఇళ్లు చూడసాగింది. పూళ్ల దాటాక ఒక మేడకు మూలకిటికీ కనబడింది. సాయంత్రం ఎండ పడకమంచం మీదకు రాకుండా ఆ మూలకు తిప్పిన కిటికీ. గీసిన చేతికి తెలిసిపోయింది.

"ఏవండీ, అది మనదే కదండీ?"

"ఏది?" అన్నాడు ఫణికిరణ్. వెనక్కి తిరిగి చూశాడు. "ఏమో, ఉండచ్చు."

భీమడోలులో కారు ఆగింది. తను గీసిన ఇంటి ముందు ఇందుజ నిలబడడం అదే మొదలు. ఇటుకకు ఇంకా పూత పడలేదు. కిటికీలు ఆమె పెట్టిన చోటే ఉన్నాయి. పెరటి మెట్టు లోపలికే ఉంది. అంతా ఒక్క క్షణం తన తలలోంచి బయటికి నడిచొచ్చినట్టే అనిపించింది. తర్వాత పడమటి వైపు చూసింది. ఆ వైపు దారి లేదు. గోడ వెళ్లి హద్దు మీద కూర్చుంది. పక్కవాళ్ల ప్రహరీకీ దానికీ మధ్య వేలు దూర్చడానికి కూడా సందు లేదు.

రత్నమాణిక్యం అక్కడే ఉంది. తెల్లచీర కట్టుకున్న సన్నటి ముసలామె, కుడిచేయి గోడకు ఆనించి, ముందునుంచి తూర్పు పక్కకు, తూర్పు నుంచి పెరటిలోకి నడిచి వచ్చి, పడమటి మూల దగ్గర ఆగింది. ఎదురుగా ఉన్న ప్రహరీని రెండు చేతులతో తడిమింది. ఇక్కడ ఏదో పెట్టారర్రా అంది. ఎవరో సామాను అడ్డం పెట్టారనుకుంది. ఎవరైనా తీస్తారని కాసేపు నిలబడింది.

వెంకట్రాజు తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆమోదం అయిన ప్లాన్ చూసే మొదలుపెట్టానండీ, కానీ అది చూపించే ప్లానే కదా అనుకున్నానండీ అన్నాడు. అలాంటి ప్లాన్ ప్రకారం ఇంతవరకూ ఒక్క ఇల్లూ కట్టలేదు. రెండోది ఎంతకీ రాకపోతే, ఖాళీ ఎప్పుడూ ఏ పక్క కలుపుకుంటామో ఆ పక్కే కలిపేశాడు. తూర్పు, ఉత్తరం వాస్తుకు వదలాలి గనుక పడమర జరిపాడు. ఇల్లు పెద్దదైంది కదా, టీచరుగారు సంతోషిస్తారనుకున్నాడు. "సారునీ ఒక మాట అడిగానండీ ఫోన్లో. ఎప్పటిలాగే కానిమ్మన్నారు."

ఎలిజబెత్ ఫణికిరణ్ వైపు చూసింది. ఫణికిరణ్‌కు ఆ ఫోన్ గుర్తుకొచ్చినట్టుంది. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కదిలింది. తర్వాత ఎప్పటి మెత్తని గొంతుతోనే అన్నాడు.

"ప్లాన్ గీసింది మా ఆవిడండీ. కట్టేటప్పుడు మేస్త్రికి వివరంగా రాసి పంపాల్సిందీ తనే. మరిచిపోయింది."

ఆ మొదటి వాక్యం కోసం ఇందుజ ఎన్నాళ్లుగా ఎదురుచూసిందో అక్కడున్నవారిలో ఎవరికీ తెలియదు. దాన్ని ఆమె ఎన్నో విధాలుగా ఊహించుకుంది. ముందుగదిలో, ఎవరో కొత్తవాళ్ల ఎదుట, అతను కొంచెం గర్వంగా అన్నట్టు. గృహప్రవేశాల్లో, ఇంటివాళ్లకు ఆమెను చూపిస్తూ అన్నట్టు. అవే మాటలు, అక్షరం మారలేదు. నలుగురి ముందు, పగటి వెలుగులో, భర్త నోటివెంట వచ్చాయి. తనను అడగాలని, తను జవాబు చెప్పాలని కదా కోరుకుంది. ఇదిగో, అడుగుతున్నారు.

"అవునండీ," అంది ఇందుజ. "గీసింది నేనే."

ఫణికిరణ్ ఆశ్చర్యంగా చూశాడు. ఆమె కాదంటుందనో, ఏడుస్తుందనో అనుకుని ఉంటాడు. ఎలిజబెత్ సంచిలోంచి ఆమోదం పొందిన ప్లాన్ తీసి, ఇందుజ ముందు విప్పి పట్టుకుంది.

"మీరు గీసింది ఇదే కదమ్మా?"

"ఇదేనండీ."

"మరి ఇందులో తప్పేముంది?"

వెంకట్రాజు నేల చూపులు చూశాడు. కొంతసేపటికి ఫణికిరణ్ అసలు విషయానికి వచ్చాడు. స్తంభాలే జరిగాయి గనుక ఆ వరసంతా పునాదితో సహా తీసెయ్యాలి, వానలు దగ్గరికొచ్చాయి, నల్లరేగడి తడిస్తే మళ్లీ తవ్వడం మాటలు కాదు, మీ ఇష్టమండీ అన్నాడు. "ఎవరూ వచ్చి అడగరండీ. ఈ వీధిలో అందరివీ ఇలాగే ఉన్నాయి."

ఎలిజబెత్ ప్లాన్‌ను మడతల మీదే మళ్లీ మడిచింది. "కాయితం ఒకటీ, గోడ ఒకటీ," అంది. "మా అన్న ఇల్లు నయం కదండీ. దానికి కాయితం లేదు, కనీసం అది అబద్ధం చెప్పదు." తర్వాత పెరటిలోకి వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి తీసుకొచ్చింది.

తిరుగుదారిలో పూళ్ల రాకముందే ఇందుజ అడిగింది.

"అక్కడ అన్న మాట కాయితం మీద రాసివ్వండి."

"ఏ మాట?"

"ప్లాన్ గీసింది మా ఆవిడ అని."

ఫణికిరణ్ నవ్వబోయి ఆగిపోయాడు. కారు వేగం తగ్గించాడు. అతనికి నిజంగానే భయం వేసిందని ఆమెకు తెలిసింది. తనంటే అతను భయపడడం కూడా ఆమెకు అదే మొదలు.

"ఇందూ, అన్ని ఫైళ్లలోనూ గీసింది నేనని ఉంది. ఆ పేరు రాసింది కూడా నువ్వే. ఇప్పుడు నువ్వు గీశావని నేను రాసిస్తే, ఇన్నాళ్లూ నేను అబద్ధం రాయించానని రాసిచ్చినట్టు. నా లైసెన్సుకు నేనే కొరివి పెట్టుకోవడం కదా అది?"

"మరి స్లాబు పడ్డాక ఇస్తానన్నారు."

"అంటాం ఇందూ," అన్నాడు ఫణికిరణ్ మెత్తగా. "ఇంట్లో మనిషితో ఎన్నో అంటాం."

మూలకిటికీ ఇల్లు వచ్చింది, వెళ్లిపోయింది. ఇందుజ తల తిప్పలేదు. ఇంతకాలమూ ఆమె బద్ధకాన్ని అనుమానించింది, చిన్నచూపును అనుమానించింది, అతనికి ఏనాటికైనా తోస్తుందని ఆశపడింది. ఇప్పుడు అంతా తేటగా కనబడింది. అతని లైసెన్సు నిలబడినదే ఆమె లేకపోవడం మీద. ఆమె ఉందని తేలిన రోజున అది కూలుతుంది. ఆ పునాది మీద మట్టి పోసి, తడిపి, దిమ్మిస కొట్టినది, రోజూ, పసుపు చేతులతో, తనే. పక్కన స్టీరింగ్ పట్టుకున్న మనిషిని ద్వేషించబోయింది. అది కూడా చేతకాలేదు. ఆ సాయంత్రం కూర ఏం చేయాలా అన్న ఆలోచన మధ్యలో వచ్చి అడ్డం నిలబడింది.

మర్నాడు మెట్ల కింద కొలతల చీటీ పెట్టబోతున్న భర్తతో, ఇక నేను గీయనండీ అంది. ఫణికిరణ్ ఆమె ముఖం చూసి, సరేలే, నీకూ విశ్రాంతి కావాలి అన్నాడు. అది ఒక నిర్ణయమని అతనికి తోచలేదు. వెంకటనరసమ్మ మాత్రం సంతోషించింది. కొన్నాళ్లయినా కూరలు మాడకుండా తినవచ్చంది. ఇందుజ చేతులకు హఠాత్తుగా చాలా ఖాళీ దొరికింది. అన్నం వారుస్తూ గిన్నె అంచును చూస్తే అది వంపు తిరిగిన మెట్లవరసలా కనబడేది. వాకిట్లో చుక్కలు పెడుతుంటే చేయి తనంతట తాను చదరాలు గీసేది. తను మానేయడం వల్ల ఊళ్లో ఒక్క కిటికీ అయినా ఆగలేదు. తనకున్నది అదొక్కటే, దాన్ని తనే వదులుకుంది. అవతల ఎవరికీ నష్టం లేదు.

వానలు వెనకపట్టాక ఎలిజబెత్ ఒకసారి ఫోన్ చేసింది. ఇంట్లోకి వెళ్లామమ్మా అంది. అమ్మ ఎలా ఉన్నారని ఇందుజ అడిగింది. "మూడు పక్కలూ తిరుగుతోందమ్మా. గోడ తగిలిన చోట కాసేపు నిలబడుతుంది. తడుముతుంది. మళ్లీ వెనక్కి వస్తుంది." కొంచెం ఆగి, "అలవాటైపోయింది," అంది. కిటికీలు బాగున్నాయని కూడా చెప్పింది.

గీయడానికి వచ్చిన కొత్త అమ్మాయి పేరు కెజియా. ఏలూరు వైపు పిల్ల, పాలిటెక్నిక్ అయి ఎన్నాళ్లో కాలేదు. ఫణికిరణ్ ఆ అమ్మాయితో ముందుగదిలో మాట్లాడుతుంటే ఇందుజకు వంటగదిలోకి వినబడింది. "రెండేళ్లు శ్రద్ధగా చెయ్యమ్మా. సర్టిఫికెట్ నేనే రాసిస్తాను." గొంతులో ఎక్కడా దాపరికం లేదు. ఆ కాసేపూ ఆ సర్టిఫికెట్ నిజంగానే ఉంది. తర్వాత అతను వంటగది తలుపు దగ్గరికి వచ్చి, "ఇందూ, నాకు బయట పనుంది. ఆ అమ్మాయికి మన పద్ధతి కాస్త చూపించు," అని వెళ్లిపోయాడు.

ఇందుజ పొయ్యి మీద కుక్కర్ పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, మెట్ల కింద పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. కెజియా బెరుకుగా మౌసు పట్టుకుని, దాని రంగు చూసి ఏదో అడగబోయి మానేసింది. చురుకైన పిల్ల. ఖాళీ కాయితం తెరిచి, చుట్టూ హద్దు గీత లాగబోయింది.

"ఆగమ్మా," అంది ఇందుజ. "ముందు ఇక్కడికి రా." కుడిమూల అడుగున ఉన్న గడి చూపించింది. "గీత గియ్యకముందే ఇందులో నీ పేరు రాసుకో."

కెజియా ఆ గడి వైపూ ఆమె వైపూ చూసింది. "సారు తన పేరు రాయమన్నారండీ మేడం. అన్నిట్లోనూ అలాగే ఉండాలన్నారు."

కుక్కర్ మొదటి కూత వేసింది. ఇందుజ చేయి చాచి, ఆ పిల్ల వేళ్లను మౌసు మీదినుంచి ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా తీసింది.

"అయితే గియ్యకు," అంది.

రెండో కూత వచ్చింది. తర్వాత మూడోది. ముందుగదిలోంచి వెంకటనరసమ్మ, అమ్మాయ్, కుక్కరు అని కేకేసింది. మెట్ల కింద ఇద్దరిలో ఎవరూ లేవలేదు.